ఇంగ్లీష్ చదవడానికి నోరు తిరగని పిల్లలకు ఎలా సాయం చేయాలి

తిరుపతిలో మా ఇంటి దగ్గర సాయంత్రం పూట డిగ్రీ పిల్లలకు ఇంగ్లీష్ చెప్తుంటాను. చుట్టుపక్కల పల్లెల్లో తెలుగు మీడియం చదివి వచ్చినవాళ్ళే ఎక్కువ. టెన్సులన్నీ కంఠతా వచ్చు, పరీక్షల్లో మార్కులూ వస్తాయి, కానీ ఒక పేరా చేతికిచ్చి పైకి చదవమంటే గొంతు పెగలదు. మీ ఇంట్లోనో వీధిలోనో ఇలాంటి పిల్లలుంటే గ్రామర్ పుస్తకం పక్కన పెట్టి రోజూ పావుగంట గట్టిగా చదివించండి.

ఐదారు వాక్యాల పేరా చాలు. రాత్రి వాళ్ళు చూసిన క్రికెట్ మ్యాచ్ గురించి పొద్దున పేపర్లో వచ్చిందైతే ఇంకా మంచిది, విషయం ముందే తెలుసు కాబట్టి భయం తగ్గుతుంది. ముందు మీరు చదవండి, తర్వాత మీ వెనకాలే వాక్యం వాక్యం చదివించండి, ఆఖర్న ఒక్కళ్ళనే చదవనివ్వండి.

అసలు తంటా శబ్దాల దగ్గరే. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, అందుకే బస్ మన నోట్లో బస్సు అవుతుంది, గుడ్ బుక్ కాస్తా గుడ్డు బుక్కు అవుతుంది. చివరి హల్లు దగ్గర ఠక్కున ఆగడం విడిగా సాధన చేయించాలి.

ఒక అమ్మాయి హెల్పెడ్, లాఫెడ్, వాకెడ్ అని చదివేది. తప్పని చెప్తే, "అక్కా, ఇక్కడ ఇ, డి రెండూ రాసున్నాయి కదా, పలకకపోతే ఎలా?" అంది. ఆ అమ్మాయి అడిగింది న్యాయమే, మన లిపిలో రాసిందే పలుకుతాం మరి. అప్పుడు తనకు స్కూల్లో చదివిన పరుషాలు, సరళాలు గుర్తుచేశాను. క, చ, ప లాంటి పరుషాల తర్వాత ట్ వస్తుంది: వాక్ట్, వాచ్ట్, హెల్ప్ట్. స, ఫ శబ్దాలకూ అంతే, లాఫ్ట్. గ, బ లాంటి సరళాల తర్వాత, అచ్చుల తర్వాత డ్: బెగ్డ్, ప్లేడ్. క్రియ ట, డ శబ్దంతో ముగిస్తేనే వాంటెడ్, నీడెడ్ అని సాగదీయాలి. గొంతు మీద రెండు వేళ్ళు పెట్టుకుంటే సరళాలకు అదురు తెలుస్తుంది, పరుషాలకు తెలియదు. వారం తిరిగేసరికి ఆ అమ్మాయి తన తప్పు తనే పట్టుకుంది.

చదివాక పుస్తకం మూయించి, అందులో ఏముందో నాలుగు వాక్యాల్లో చెప్పించండి. మధ్యలో మాత్రం దిద్దొద్దు, ప్లీజ్. మాట మధ్యలో ఆపేస్తే ఆ పిల్ల ఇక రెండో వాక్యానికి రాదు. తప్పులు కాగితం మీద రాసుకుని, చెప్పడం పూర్తయ్యాక రెండే రెండు చెప్పండి.

ఇక మన ఊళ్ళో ఉన్నవాళ్ళకు దొరికే అదృష్టం యాత్రికులు. దేశం నలుమూలల నుంచీ వస్తారు, చాలామందికి తెలుగు రాదు. అలిపిరికి బస్సు ఎక్కడ ఎక్కాలి, నడక దారిలో ఎన్ని మెట్లు, లగేజీ ఎక్కడ ఇవ్వాలి, ఇవే అడుగుతుంటారు. ఈ మూడింటికీ జవాబులు ఇంట్లో పదిసార్లు చెప్పించి, ఆదివారం రైల్వే స్టేషన్ వైపు తీసుకెళ్ళండి. మొన్న ఆ అమ్మాయే ఒక మరాఠీ పెద్దావిడకు 3550 మెట్లని ఇంగ్లీష్‌లో తడుముకోకుండా చెప్పింది, పక్కనున్న నాకు కళ్ళు చెమర్చాయి.

మొదటి రోజు చదివింది ఫోన్లో రికార్డ్ చేసి దాచండి. నెల తర్వాత అదే పేరా మళ్ళీ చదివించి, రెండూ పక్కపక్కన వినిపించండి.