పాత వాద్యాల మేళం – 4వ పాఠం: హార్ప్సికార్డ్‌ను మీన్‌టోన్‌లో శ్రుతి చేయడం

వయొలిన్లకు గట్ తంత్రులు ఎక్కించడం అయింది. ఇక వాటన్నిటికీ శ్రుతి ఇచ్చే హార్ప్సికార్డ్, అంటే మీట నొక్కితే తంత్రిని మీటి పలికే పాత కీబోర్డ్ వాద్యం. స్వరకర్తలు మాంటెవెర్డి, ఫ్రెస్కోబాల్డి కాలపు ఇటాలియన్ సంగీతానికి క్వార్టర్ కామా మీన్‌టోన్ అనే శ్రుతి పద్ధతి నప్పుతుంది. ఇందులో మేజర్ థర్డ్ సరిగ్గా 5:4. తంబురాలో మంద్ర షడ్జం మీటితే దానంతటదే పలికే అంతర గాంధారం ఇదే. పియానోలో ఇది దాదాపు 14 సెంట్లు ఎక్కువ (పియానోలో పక్కపక్క మీటల మధ్య దూరంలో నూరోవంతు ఒక సెంటు). గాంధారం శుద్ధంగా నిలవాలంటే నాలుగు పంచమాలు తలా 5.4 సెంట్లు తగ్గాలి.

ఎనిమిదడుగుల తంత్రుల వరస (రాసిన స్థాయిలోనే పలికేది) ఒక్కటే ఉంచి మిగతావి ఆపేయండి. మధ్య సి పైనున్న ఎ ని 415 హెర్ట్‌జ్ శ్రుతి ఫోర్క్‌తో కలపండి. దాని కింది ఎఫ్‌ను, రెండూ కలిసి మోగేటప్పుడు అలలు (శ్రుతి సరిగ్గా కలవనప్పుడు వినిపించే ఊపు) పూర్తిగా ఆగేదాకా సరిచేయండి. ఇప్పుడు ఎఫ్ నుంచి కింది సి, సి నుంచి పై జి, జి నుంచి కింది డి. ప్రతిదాన్నీ ముందు శుద్ధంగా కలిపి, తర్వాత వెంట్రుకవాసి దించండి. సెకనుకు ఎఫ్-సి మూడు అలలు, సి-జి రెండుకు కాస్త పైన, జి-డి మూడున్నర రావాలి. చివర డి-ఎ చూడండి: రెండున్నర వస్తే లెక్క కుదిరింది. అంతకంటే వేగంగా కొట్టుకుంటే మీరు చాలినంత దించలేదు; అలలే లేకపోతే మరీ దించేశారు. రెండింటికీ మందు ఒకటే, ఎఫ్ దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టడం.

తంత్రులు తెగేది ఎక్కువగా ఇక్కడే, అదీ శ్రుతి చేసే తాళంచెవిని పక్క తంత్రి చుట్టిన మేకుకు తగిలించి తిప్పడం వల్ల. స్వరం మారకపోతే వెంటనే ఆగి, మేకు సరిచూసుకోండి.

మిగిలినవన్నీ శుద్ధ గాంధారాలే, తేలిక. సి-ఇ, జి-బి, డి-ఎఫ్ షార్ప్, ఎ-సి షార్ప్, ఇ-జి షార్ప్. కిందికి డి నుంచి బి ఫ్లాట్, జి నుంచి ఇ ఫ్లాట్. తర్వాత అష్టకాలు.

జి షార్ప్-ఇ ఫ్లాట్ జత తోడేలులా అరుస్తుంది. అది మీ తప్పు కాదు, పద్ధతిలోనే ఉంది. అందుకే కచేరీ పాటల్లో డి షార్ప్ ఉందేమో ముందే వెతకండి. ఉంటే, రెండింటికీ మీట ఒకటే కాబట్టి, ఇ ఫ్లాట్ మీటను బి కి శుద్ధ గాంధారంగా దించాలి. తేడా 41 సెంట్లు, చెవికి స్పష్టంగా తెలుస్తుంది.

వయొలిన్లు ఎ ఒక్కటే తీసుకుని తమ పంచమాలు తామే శుద్ధంగా కలుపుకుంటే, జి నుంచి ఇ కి వచ్చేసరికి 16 సెంట్ల తేడా పోగవుతుంది. నాలుగు తంత్రులూ విడివిడిగా హార్ప్సికార్డ్‌తోనే కలపాలి.

వచ్చే పాఠం దాకా ఎఫ్-సి-జి-డి-ఎ వరస ఒక్కటే రోజూ చేయండి, ఫోన్ ట్యూనర్ చూడకుండా.