ఇంప్లాంట్ బిల్లు చదవడం ఎట్లా: సర్జన్‌కూ కంపెనీకీ మధ్య పైసలు కనబడే చోట్లు

మిర్యాలగూడలోనో జడ్చర్లలోనో కాలు విరిగితే, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర మొదలై పట్నం దవాఖానలో చేరేలోపు ఆ కేసులో వాటా ఉన్నవాళ్లు ఇద్దరు ముగ్గురు తయారవుతారు. పంపినవాడికి ముట్టే కమీషన్ అందరూ మాట్లాడుకునేదే. ఇంప్లాంట్ మీద, అంటే ఒంటి లోపల వేసే ప్లేటు మీద, కీలు మీద ఎవరికెంత మిగిలిందో అడిగేవాళ్లు తక్కువ.

కంపెనీవాడు సర్జన్‌కు కవరు ఇచ్చాడా అని ఆరా తీస్తే ఏమీ తేలదు. పైసలు ఎక్కువగా పోయే దారి వేరే ఉంది. ఎమ్మార్పీకీ, దవాఖాన కొన్న ధరకూ మధ్య ఉండే తేడా అది. నర్సింగ్ హోం సర్జన్‌దే అయినచోట ఆ తేడా ఆయన ఇంటికే పోతుంది. దానికి రశీదు ఉంటుంది, పన్ను కూడా కట్టి ఉంటారు. మందు కొన్నట్టు నాలుగు దుకాణాలు తిరిగి ఇంప్లాంట్ కొనలేం కాబట్టి, ఎమ్మార్పీ ఎంత ఎక్కువ ముద్రిస్తే దవాఖానకు అంత మిగులుతుంది. అందుకే ఈ వ్యాపారంలో పోటీ పెరిగినా రోగికి ధర దిగదు.

కేంద్రం ధర కట్టడి చేసింది ముఖ్యంగా గుండె స్టెంట్లకు, మోకాలి కీళ్లకు. 2017 ఫిబ్రవరిలో మందు పూత స్టెంట్‌కు 29,600 రూపాయలు, మామూలు స్టెంట్‌కు 7,260 అని మందుల ధరలు చూసే కేంద్ర సంస్థ ఎన్‌పీపీఏ గరిష్ఠ ధర పెట్టింది. ఆ ఆగస్టులో కోబాల్ట్ క్రోమియం మోకాలికి 54,720 పెట్టింది. అంతకుముందు దాని సగటు ఎమ్మార్పీ 1,58,324. ఈ ధరలు తర్వాత మారాయి, జీఎస్టీ అదనం. మీ ఆపరేషన్ నాటి ధరను ఎన్‌పీపీఏ సైట్‌లోనో 'ఫార్మా సహీ దామ్' యాప్‌లోనో చూసుకోండి.

మోకాలి ధరను ముక్కలుగా చూడటం నేర్చుకోవాలి. 2017 లెక్కలో తొడ ఎముక భాగం 24,090, కింది ఎముక పళ్లెం 16,990, మధ్య ప్లాస్టిక్ ముక్క 9,550, మోకాలి చిప్ప ముక్క 4,090. చిప్పను అందరికీ మార్చరు. మార్చకుండానే మొత్తం సెట్టు ధర వేసేచోట్లు ఉంటాయి. కాబట్టి "చిప్ప మార్చారా?" అన్న ఒక్క ప్రశ్న ఆ 4,090ని బయటపెడుతుంది.

విరిగిన ఎముకకు వేసే ప్లేట్లు, స్క్రూలు, రాడ్లు, వెన్నెముక సామాను, కంటి లెన్సులకు ఇట్లాంటి గరిష్ఠ ధర లేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ మందుల చట్టం కిందికి వచ్చాయి కాబట్టి ఏడాదిలో ఎమ్మార్పీని 10 శాతం మించి పెంచకూడదు. మొదటిసారి ఎంత ముద్రించాలన్నది మాత్రం కంపెనీ ఇష్టం. ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు, కీళ్లు బిగుసుకున్న మర్రిగూడ, మునుగోడు వైపు వాళ్లకు ఎవరైనా వెన్ను ఆపరేషన్ చెప్తే ఎక్కువ జాగ్రత్త పడాల్సింది అందుకే. రెండో అభిప్రాయానికి నిమ్స్‌కో బీబీనగర్ ఎయిమ్స్‌కో పోయి రండి. కొత్త ఎక్స్‌రేలు అక్కర్లేదు, ఉన్నవే పట్టుకుపోండి.

ఆపరేషన్‌కు ముందు అంచనా కాగితం మీద రాయించుకోండి. "ప్యాకేజీ రెండున్నర లక్షలు" అంటే చాలదు. ఇంప్లాంట్ విడిగా, కంపెనీ పేరుతో, లోహం పేరుతో ఉండాలి. అడిగేటప్పుడు నిలదీసినట్టు అడగొద్దు. "సార్, ఏ కంపెనీది వేస్తరు? వేరేది వేస్తే తేడా ఏముంటది?" అంటే చాలు. "ఈ సెట్టుతో నా చెయ్యి అలవాటు పడ్డది" అన్నారంటే అది సరైన జవాబే, కొత్త పనిముట్లతో తప్పులు జరుగుతాయి. "ఇంపోర్టెడ్, అందుకే రేటు" అన్నది జవాబు కాదు. ఆ కంపెనీ దగ్గర సలహాదారుగానో శిక్షకుడిగానో ఉన్నారా అని కూడా అడగొచ్చు. ఉండటం తప్పేమీ కాదు, 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నీతి నియమావళి దాన్ని అనుమతిస్తుంది. కంపెనీ నుంచి కానుకలు, ప్రయాణాలు, విడిది, నగదు తీసుకోవడాన్నే నిషేధిస్తుంది. రోగిని పంపినందుకు కమీషన్ ఇచ్చినా, పుచ్చుకున్నా తప్పే. అమెరికాలో ఏ డాక్టరుకు ఏ కంపెనీ ఎంత ఇచ్చిందో 2014 నుంచి ఎవరైనా చూడొచ్చు. మన దగ్గర అట్లాంటి జాబితా లేదు కాబట్టే ఈ కాగితాల తంటా.

థియేటర్లో కంపెనీ మనిషి కనబడితే కంగారు పడొద్దు. డిస్ట్రిబ్యూటర్ అన్ని సైజుల సెట్టూ పంపుతాడు, ఆ మనిషి సైజులు చూసి అందిస్తాడు. వాడినవి బిల్లవుతాయి, మిగిలినవి వాపసు పోతాయి. లెక్క తప్పేది ఇక్కడే.

దాన్ని పట్టుకునేది స్టిక్కర్లు, ఎక్స్‌రే. విడిగా ప్యాక్ చేసిన ప్రతి ముక్కతోపాటు రిఫరెన్స్ నంబరు, లాట్ నంబరు, సైజు ఉన్న అంటించే స్టిక్కర్లు వస్తాయి. కేస్ షీట్‌లో ఒకటి, డిశ్చార్జ్ సమ్మరీలో ఒకటి అంటించమని ముందే చెప్పి పెట్టుకోండి. ఆపరేషన్ తర్వాతి ఎక్స్‌రే రెండు కోణాల్లో తీసింది తీసుకుని స్క్రూలు లెక్కపెట్టండి. ఎక్స్‌రేలో ఆరు కనబడి బిల్లులో తొమ్మిది ఉంటే అడగండి. ఒకటి రెండు తేడాకు కారణం ఉండొచ్చు: మర పోయిన స్క్రూ తీసి పారేస్తారు, ఒకదాని వెనక ఒకటి దాగొచ్చు. తేడా మూడు, అంతకు మించి ఉంటే ఆపరేషన్ నోట్స్ చూపించమనండి.

స్టెంట్‌కైనా మోకాలికైనా బిల్లులో ధర విడిగా, బ్రాండ్, తయారీదారు లేదా దిగుమతిదారు, బ్యాచ్ నంబరుతో రాయాలని ఎన్‌పీపీఏ ఆదేశం. ఇవ్వకపోతే రికార్డుల కోసం రాతపూర్వకంగా అడగండి. 72 గంటల్లో ఇవ్వాలన్నది పైన చెప్పిన మెడికల్ కౌన్సిల్ నియమావళిలోనిదే. రికార్డు మూడేళ్లే ఉంచుతారు, స్టిక్కర్ మాత్రం మీ దగ్గర ఎప్పటికీ ఉండాలి. 2010లో లోపాలు బయటపడ్డ ఏఎస్ఆర్ రకం కృత్రిమ తుంటి కీళ్లను కంపెనీ వెనక్కి పిలిచినప్పుడు మన దేశంలో వేలమంది రోగుల ఆచూకీ దొరకలేదు.

ఆరోగ్యశ్రీలో అనుమతైన ఆపరేషన్‌కు ప్యాకేజీలో ఉన్న ఇంప్లాంట్ కోసం "మంచిది వేస్తాం, పైన పాతికవేలు" అంటే ఇవ్వకుండా 104కు చెప్పండి.

గరిష్ఠ ధర దాటితే ఎన్‌పీపీఏకు 1800 111 255, ఎమ్మార్పీ దాటితే రాష్ట్ర డ్రగ్స్ కంట్రోల్‌కు 1800 599 6969. డాక్టరు కమీషన్ మీద ఆధారం ఉంటే హైదరాబాద్‌లోని తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌కు రాయాలి. ఒక చిక్కుంది. ఎన్‌పీపీఏ వసూలు చేసిన సొమ్ము సర్కారు ఖాతాకు పోతుంది. మీ పైసలు మీకు రావాలంటే నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయాలి. గడువు రెండేళ్లు. మీరు కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు ఉండదు. స్టిక్కర్, బిల్లు, ఎక్స్‌రే, ముందు రాయించుకున్న అంచనా కాగితం జత చేయండి.