'కథ' కాస్తా 'కధ' అయితే: చిన్న ప్రింటర్‌లో డీటీపీ పేజీలు చెడినప్పుడు సమస్య - పరిష్కారం

ఒక కథల పుస్తకం ప్రూఫు నా చేతికి తిరిగొచ్చేసరికి ప్రతి పేజీలోనూ ఎర్రసిరా గుండ్రాలే. 'కథ' అని ఉండాల్సిన చోటల్లా 'కధ' అని పడిందని ప్రూఫు చూసిన పెద్దాయన దిద్దారు. ఫైలు తెరిస్తే అన్నీ నిక్షేపంగా 'థ'లే. భూతద్దం పెట్టి కాగితం చూస్తే అసలు సంగతి తెలిసింది. కింద వత్తు గీత ఉంది, పొట్టలో చుక్క లేదు. ముందురోజు టోనర్ (లేజర్ ప్రింటర్‌లోని నల్లపొడి) మిగులుతుందని ప్రింటర్‌ను పొదుపు మోడ్‌లో పెట్టాను. గీతలకు దేన్నీ అంటుకోకుండా ఒంటరిగా ఉండే ఆ చిన్న చుక్క కాగితం మీద పడనేలేదు. రెండు వందల పేజీలు ఆయన కళ్లు చిల్లులు పడేలా దిద్దిన శ్రమంతా వృథా అయింది.

అప్పటినుంచి ఏ పుస్తకమైనా ప్రూఫు తీసేముందు ఒక పరీక్ష పేజీ కొడుతున్నాను. చెడింది ఫైలా, పీడీఎఫా, డ్రైవరా (కంప్యూటర్‌ను ప్రింటర్‌తో కలిపే సాఫ్ట్‌వేర్), యంత్రమా అన్నది తేలకుండా చేసే రిపేరు చీకట్లో బాణం వెయ్యడమే.

పరీక్ష పేజీలో ఏముండాలి

కథ, పాఠం, స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న, కృష్ణ, ధైర్యం. ఈ మాటలను 8, 9, 10, 12, 14 పాయింట్లలో ఒకసారి మామూలుగా, ఒకసారి బోల్డ్‌లో పెట్టండి. కింద 0.1, 0.25, 0.5, 1 పాయింట్ గీతలు ఉండాలి. సరిగ్గా 100 మిల్లీమీటర్ల అడ్డగీత ఒకటి, నిలువుగీత ఒకటి గియ్యండి. కాగితం అంచు నుంచి 3, 5, 10 మిల్లీమీటర్ల దూరంలో మూడు చట్రాలు వెయ్యండి. ఒక మూల 10, 30, 50 శాతం బూడిదరంగు గళ్లు, నల్లగడిలో తెల్ల అక్షరాలు పెట్టండి. మీరు పుస్తకం చేసే సాఫ్ట్‌వేర్‌లోనే, ఆ పుస్తకానికి వాడే ఫాంటులోనే ఈ పేజీ చెయ్యాలి. వర్డ్‌లో చేసిన పరీక్ష పేజీ పేజ్‌మేకర్ గురించి ఏమీ చెప్పదు.

థ, ఠ చుక్క పోయింది, లేదా ముద్దయింది

ఈ అక్షరాలతోనే మొదలుపెట్టమనడానికి కారణం ఉంది. థలో చుక్క పోతే ధ, ఠలో చుక్క పోతే ర. 'పాఠం' కాస్తా 'పారం' అవుతుంది. అక్షరం విరిగితే పాఠకుడు తప్పు పట్టుకుంటాడు. ఇక్కడ మిగిలేది కూడా సరైన అక్షరమే కాబట్టి తప్పు ఎవరి కంటా పడదు.

9 పాయింట్ల అక్షరానికి 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు వేసే) ప్రింటర్‌లో దక్కేది 75 చుక్కల ఎత్తు. పైన గుడి, కింద వత్తు కూడా దాదాపు ఆ ఎత్తులోనే సర్దుకోవాలి. థ పొట్టలో చుక్కకు దక్కే జాగా ఎంతో ఊహించండి. అది చెడే దారులు రెండు, ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం.

చుక్క మాయమైతే టోనర్ తక్కువైనట్టు. పొదుపు మోడ్ తీసెయ్యండి, డెన్సిటీ (నలుపు గాఢత) ఒక మెట్టు పెంచండి. అప్పటికీ రాకపోతే కార్ట్రిడ్జ్ బయటికి తీసి అటూ ఇటూ మెల్లగా ఊపి మళ్లీ పెట్టండి. దానికీ లొంగకపోతే రీఫిల్ పొడి నాసిరకమేమో చూడాలి.

చుక్క, చుట్టూ ఉన్న గీత కలిసి ముద్దయితే టోనర్ ఎక్కువైందనో, బోల్డ్ దొంగదనో అర్థం. ఫాంటులో నిజమైన బోల్డ్ లేకపోయినా మీరు బోల్డ్ నొక్కితే కొన్ని సాఫ్ట్‌వేర్‌లు గీతనే లావు చేసేస్తాయి. తెరమీద బాగానే కనిపిస్తుంది, కాగితం మీద పొట్టలు పూడిపోతాయి. నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంటుకు బోల్డ్ విడిగా ఉంది, అలాంటిది వాడండి. లేదంటే బోల్డ్ మానేసి శీర్షిక సైజు రెండు పాయింట్లు పెంచండి. నేను రెండోదే చేస్తాను, తెలుగుకు అదే అందం.

అక్షరాల అంచులు కొరికినట్టున్నాయి

నలుపు-తెలుపు లేజర్‌కు బూడిదరంగు తెలియదు. ముదురు నీలమిచ్చినా 80 శాతం నలుపిచ్చినా చుక్కల జల్లెడగా మార్చి పోస్తుంది. పెద్ద గడిలో అది తెలియదు గానీ వత్తుల్లో బయటపడుతుంది. అక్షరాల రంగు నూరు శాతం నలుపు చెయ్యండి. ఫైలు మీది కాకపోతే డ్రైవర్‌లో 'ప్రింట్ ఆల్ టెక్స్ట్ యాజ్ బ్లాక్' లాంటి ఆప్షన్ ఉందేమో వెతకండి, చాలావాటిలో ఉంటుంది.

లేటెక్ అనే టైప్‌సెట్టింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేసిన లెక్కల పుస్తకంలో ఇంగ్లిష్ అక్షరాలు మాత్రమే మసకగా ఉంటే దారి వేరు. పీడీఎఫ్‌ఫాంట్స్ అనే కమాండ్ నడిపితే ఫాంట్ల జాబితా వస్తుంది. అందులో టైప్ 3 అని కనిపిస్తే అది చాలావరకు చుక్కల ఫాంటు. లాటిన్ మోడర్న్ ఫాంటుకు మారితే సరిపోతుంది.

తెలుగు బదులు ఇంగ్లిష్ ముక్కలు, లేదా వత్తులు గల్లంతు

ముందు ఆ పీడీఎఫ్‌ను వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. అక్కడ తెరమీదే చెడి ఉంటే ప్రింటర్‌ను తిట్టి లాభం లేదు. అను లాంటి పాత ఫాంట్లు తెలుగు ముక్కలను ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో దాచుకుంటాయి. ఫాంటు పీడీఎఫ్‌లో ఇమడకపోతే అవతలి కంప్యూటర్ ఆ ఇంగ్లిష్ అక్షరాలనే చూపిస్తుంది. అడోబ్ రీడర్‌లో డాక్యుమెంట్ ప్రాపర్టీస్ తెరిచి ఫాంట్స్ చూడండి. ప్రతి పేరు పక్కనా 'ఎంబెడెడ్' అనో 'ఎంబెడెడ్ సబ్‌సెట్' అనో ఉండాలి. లేకపోతే పీడీఎఫ్ తయారుచేసే డిస్టిల్లర్‌లో అన్ని ఫాంట్లూ ఇమిడ్చేలా పెట్టి, ఇమడకపోతే పని ఆపేసేలా సెట్ చేసి మళ్లీ తియ్యండి.

ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ వత్తులు పొల్లులుగా విడిపోతే పేరాకు వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోండి.

తెరమీద బాగుండి, ఫాంట్లు ఇమిడి ఉండి, ఒక్క మీ ప్రింటర్‌లోనే వత్తులు పోతున్నాయంటే అనుమానం డ్రైవర్ మీదే. రీడర్ ప్రింట్ పెట్టెలో అడ్వాన్స్‌డ్‌కు వెళ్లి 'ప్రింట్ యాజ్ ఇమేజ్' టిక్ చెయ్యండి. పేజీ ఆలస్యంగా వస్తుంది గానీ చూసింది చూసినట్టు వస్తుంది. దీంతో సరిపోతే తప్పు డ్రైవర్‌దని తేలినట్టే, కొత్తది వేసుకోండి.

వర్డ్ నుంచి తీసిన పేజీలో వత్తుల కింది సగం తెగితే పేరా లైన్ స్పేసింగ్ 'ఎగ్జాక్ట్‌లీ' అని ఉందేమో చూడండి. 12 పాయింట్ల తెలుగుకు 18 దాకా ఇస్తేనే వత్తులకు ఊపిరాడుతుంది.

100 మిల్లీమీటర్ల గీత 100 రాలేదు

స్కేలు పెట్టి కొలవండి, అంకె చూస్తేనే కారణం తెలుస్తుంది. రెండు గీతలూ 94 వస్తే ఎ4 పేజీని లెటర్ కాగితానికి కుదించింది. లెటర్ ఎత్తు 279.4 మిల్లీమీటర్లు, ఎ4ది 297. డ్రైవర్‌లో కాగితం ఎ4కు మార్చండి. 96, 97 మధ్య వస్తే ప్రింటర్ అంచు వదలడానికి కుదించింది. చిన్న లేజర్లు చుట్టూ నాలుగు మిల్లీమీటర్ల చిల్లర ముద్రించలేవు, మీ 3 మిల్లీమీటర్ల చట్రం ఎలాగూ రాదు. 'ఫిట్' తీసేసి 'యాక్చువల్ సైజ్' పెట్టండి. అడ్డగీత సరిగ్గా ఉండి నిలువుగీత మాత్రమే అర మిల్లీమీటరు తేడా వస్తే అది కాగితం లాగే రోలర్ సంగతి, సాఫ్ట్‌వేర్‌లో వెతక్కండి.

కొలతలు బాగుండి పేజీ కింద మాత్రం పదిహేడు మిల్లీమీటర్లు అదనంగా ఖాళీ ఉంటే, లేటెక్‌లో ఎ4 అని చెప్పడం మరిచిపోయారు. ఆర్టికల్ క్లాసు తనంతట తాను లెటర్ సైజే లెక్కేసుకుంటుంది.

గీతలు, మచ్చలు

600 డీపీఐలో ఒక చుక్క 0.12 పాయింట్. పట్టికకు 0.1 గీత పెడితే ప్రింటర్ వేస్తే వేస్తుంది, లేకపోతే లేదు. నేరుగా ప్రింటుకు 0.25, ప్లేటు చెయ్యడానికి ట్రేసింగ్ షీటు మీద తీసే ప్రింటుకు 0.5 కంటే తగ్గించకండి.

ఒకే మచ్చ ఒకే దూరంలో మళ్లీ మళ్లీ పడుతుంటే ఆ దూరం కొలవండి. 75 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే, 24 మిల్లీమీటర్ల వ్యాసమున్న డ్రమ్ము ఒక చుట్టు తిరిగినట్టు. డ్రమ్ము మార్చాల్సిందే, గుడ్డపెట్టి తుడిస్తే గీతలు పడి ఇంకా చెడుతుంది.

ట్రేసింగ్ తీసేటప్పుడు

ఆఫ్‌సెట్ ప్లేటుకైతే టోనర్ ఉన్న వైపు ప్లేటుకు ఆనాలి కాబట్టి అద్దంలో చూసినట్టు తిరగేసి తియ్యాలి. స్క్రీన్ ప్రింటింగ్‌కు మామూలుగానే తీస్తారు. అయినా ప్రెస్సులో ఒకమాట అడిగి తీసుకోండి, వాళ్ల అలవాటును బట్టి ఉంటుంది. ట్రేసింగ్ షీట్ ఫ్యూజర్ (టోనర్‌ను కాగితానికి అతికించే వేడి రోలర్) వేడికి తేమ పోయి కొంచెం కుంచించుకుపోతుంది. 100 మిల్లీమీటర్ల గీతను షీటు మీద కూడా కొలవండి. ఒక ఫారానికి (ఒకే పెద్ద కాగితం మీద కలిపి అచ్చయ్యే పేజీల కట్టకు) చెందిన పేజీలన్నీ ఒకే రోజు, ఒకే కట్టలోని షీట్ల మీద, ఒకే ప్రింటర్‌లో తియ్యండి. సగం నిన్న, సగం ఇవాళ తీస్తే రెండు వైపుల లైన్లూ ఒకదాని మీద ఒకటి కూర్చోవు. షీట్లు ఒక్కొక్కటిగా చేత్తో పెట్టి, బయటికొచ్చాక చుట్టుకోకుండా పలకమీద పరవండి. కిటికీకి ఎత్తిపట్టి చూసి, వెలుతురు అక్షరాల్లోంచి వస్తుంటే డెన్సిటీ పెంచి ఆ షీటు మళ్లీ కొట్టండి.