సిఫారసు లేకుండా అర్జీ పెట్టుకోవడం ఎలా

తిరుపతిలో పెరిగినవారికి సిఫారసు లేఖ విలువ ఎవరూ నేర్పనక్కరలేదు. శాసనసభ్యుడి లేఖ ఉంటే కొండ మీద బ్రేక్ దర్శనానికి దారి దొరుకుతుందని చిన్ననాటినుంచి వింటూ వచ్చిన అలవాటుతో, అడంగల్‌లో (భూమి, సాగు వివరాలుండే రెవెన్యూ రికార్డులో) పడిన తప్పును సరిచేయించుకోవాలన్నా మనం ముందుగా "ఆ ఆఫీసులో మనవాళ్ళు ఎవరున్నారు?" అనే అడుగుతాం. కానీ దర్శనపు లేఖ ఒక వెసులుబాటు, మన భూమి వివరాలు రికార్డులో సరిగా ఉండడం మన హక్కు. హక్కుగా రావలసినదాన్ని ఉపకారంగా పుచ్చుకుంటే ఆ బాకీ ఎప్పటికీ తీరదు.

చంద్రగిరి వైపు మా చిన్నాన్నకు ఇదే జరిగింది. రికార్డులో తక్కువగా పడిన విస్తీర్ణం సరిచేయించడానికి ఆయన ఊరిపెద్ద ఒకరిని ఆశ్రయించి రెండేళ్ళు తిరిగారు. పని కాలేదు సరికదా, ఎన్నికలప్పుడు ఆ పెద్ద వెంట నడవవలసి వచ్చి, అవతలి వర్గంలోని సొంత బంధువులతో మాటలు కూడా పోయాయి. నాకు ఇప్పటికీ బాధ కలిగించేది ఆ మాటలు పోవడమే.

కాబట్టి మొదట అర్జీని ఒకే పేజీలో, ఒకే విషయం మీద రాయండి. ఊరు, సర్వే నంబరు, రికార్డులో ఉన్నది, ఉండవలసినది, జతపరిచిన నకళ్ళు, ఈ ఐదూ ఉంటే చాలు. ఎదుటివర్గం చేసిన అన్యాయాల చరిత్ర అందులో వద్దు. అది చదివిన అధికారికి మీ సమస్య రెవెన్యూ వ్యవహారంగా కాక ఊరి రాజకీయంగా కనిపిస్తుంది, రాజకీయంలో వేలు పెట్టడానికి ఎవరైనా వెనుకాడతారు. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇస్తే అది నమోదవుతుంది. ఎక్కడ ఇచ్చినా రశీదు తీసుకోకుండా మాత్రం వెనుదిరగవద్దు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది కనుక, పాత చిత్తూరు జిల్లా చిరునామాతో ఉన్న కాగితాలు చేతిలో ఉన్నవారు తమ మండలం ఇప్పుడు ఏ జిల్లాలో, ఏ డివిజన్‌లో ఉందో ముందే చూసుకోవాలి.

మాట్లాడే తీరు అన్నిటికంటే ముఖ్యం. చేతులు కట్టుకుని వంగి నిలబడనక్కరలేదు, బల్ల గుద్ది అరవనక్కరలేదు. "సార్, ఫలానా తేదీన అర్జీ ఇచ్చాను, ఇదిగో రశీదు, ఇప్పుడు దస్త్రం ఎవరి దగ్గర ఉంది?" అని అడిగితే, ఆ ప్రశ్నకు జవాబు చెప్పక తప్పదు. గుమస్తాతోనూ, బయట కూర్చున్న అటెండరుతోనూ అదే మర్యాదతో మాట్లాడాలి. లోపల కుర్చీలో ఉన్నవారికి మాత్రమే నమస్కారం పెట్టేవారిని ఆఫీసు మొత్తం గుర్తుపెట్టుకుంటుంది.

అప్పటికీ కదలిక లేకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద, మీ అర్జీ మీద ఏ తేదీన ఏ చర్య తీసుకున్నారో తెలపమని పౌర సమాచార అధికారికి దరఖాస్తు చేయండి. కారణం చెప్పనక్కరలేదు. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే ఆ తరువాత 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేసుకోవచ్చు. దీన్ని బెదిరింపుగా వాడకండి, "ఆర్‌టీఐ వేస్తా" అని నోటితో అనకుండానే వేయండి. మా చిన్నాన్న దస్త్రం చివరకు కదిలింది ఈ దరఖాస్తుతోనే.

పని పూర్తయ్యాక, మొదట మీరు ఆశ్రయించిన ఊరిపెద్ద ఇంటికి మీరే వెళ్ళి విషయం చెప్పండి. ఆ మాట వేరొకరి నోట వింటే ఆయనకు అవమానంగా తోస్తుంది, మీరే చెబితే మర్యాదగా ఉంటుంది. చిన్నాన్న అలాగే వెళ్ళి, కాఫీ తాగి, కొత్త అడంగల్ నకలు చూపించి వచ్చారు.