కుక్కతో సహా విజయనగరం, శ్రీకాకుళం చేరినవారికి: ఇంట్లోనే దాని బొచ్చు కత్తిరించడం

విదేశాల్లో కొన్నేళ్ళు గడిపి, అక్కడ పెంచుకున్న కుక్కను వెంటబెట్టుకుని సొంత ఊరికి తిరిగివచ్చినవారికి మొదటి రెండు నెలల్లోనే ఎదురయ్యే ఇబ్బంది దాని బొచ్చు. అక్కడ ఆరేడు వారాలకొకసారి గ్రూమర్ (కుక్కల బొచ్చు కత్తిరించి శుభ్రం చేసేవారు) దగ్గర వదిలి సాయంత్రానికి తెచ్చుకునేవారు. బొబ్బిలిలోనో, రాజాంలోనో, టెక్కలిలోనో కాపురం పెట్టినప్పుడు ఆ అలవాటు సాగించాలంటే విశాఖపట్నం దాకా ప్రయాణం కట్టాలి. విజయనగరం నుంచే అది సుమారు 60 కిలోమీటర్లు. శ్రీకాకుళం నుంచి వంద దాటుతుంది. ఎండలో, కారులో, అంత దూరం మాటిమాటికీ తిప్పడం కుక్కకు మంచిది కాదు. కాబట్టి ఈ పని ఇంట్లోనే నేర్చుకోవాలని నా గట్టి సలహా.

పని మొదలుపెట్టకముందే ఇరుగుపొరుగువారు మీకొక మాట చెబుతారు. "ఇంత ఎండలో దానికి ఆ బొచ్చేటి బాబూ, గుండు గీయించీండి" అని మా వీధిలో ఎందరో నాతో అన్నారు. ఆ మాటలో జాలి ఉంది కాని, దాన్ని పాటించకూడదు. కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. అరికాళ్ళలో కొద్దిగా పడుతుంది, మిగిలిన వేడిలో చాలా భాగం నాలుక చాపి వగర్చడం ద్వారానే పోగొట్టుకుంటుంది. శుభ్రంగా దువ్వి ఉంచిన బొచ్చు బయటి వేడి చర్మానికి నేరుగా తగలకుండా అడ్డుకుంటుంది. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్, హస్కీ, పొమరేనియన్ వంటి జాతులకు పైన ముతక వెంట్రుకలు, లోపల మెత్తని నూగు అని రెండు పొరలుంటాయి. వీటికి క్లిప్పర్ (బొచ్చు గొరిగే కరెంటు యంత్రం) పెట్టవద్దు. గొరిగితే చర్మం ఎండకు కమిలిపోతుంది; తిరిగి వచ్చే బొచ్చు ఎగుడుదిగుడుగా రావచ్చు, కొన్నిచోట్ల నెలల తరబడి రాకపోవచ్చు. రాలే నూగును పళ్ళదువ్వెనతో వారానికి రెండు మూడుసార్లు తీసేస్తే చాలు. షిట్జు, లాసా, పూడిల్, మాల్టీస్ వంటి వాటికి మాత్రం వెంట్రుకలు మన జుట్టులాగా పెరుగుతూనే ఉంటాయి కనుక కత్తిరించక తప్పదు. అయినా చర్మం కనబడేంతగా కాదు, సుమారు ఒక సెంటీమీటరు దాకా ఉంచాలి.

అమెరికా నుంచి వచ్చేవారు అక్కడి క్లిప్పర్‌ను పెట్టెలో సర్దుకునే ముందు దాని అడుగున రాసి ఉన్న అక్షరాలు చదవాలి. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్ (కరెంటు సెకనుకు ఎన్నిసార్లు దిశ మారి తిరిగివస్తుందో చెప్పే కొలత). ఇక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అయస్కాంతపు మోటారుతో నడిచే క్లిప్పర్‌లో బ్లేడు కదలిక ఈ హెర్ట్జ్ మీదే ఆధారపడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులను తగ్గిస్తుందే తప్ప హెర్ట్జ్‌ను మార్చదు. నేను ఇది తెలియక ట్రాన్స్‌ఫార్మర్ కొని తగిలించాను. క్లిప్పర్ గడగడలాడి, సరిగా తెగక, బొచ్చును పట్టి లాగింది, ఆ తరువాత చాలాకాలం మా కుక్క ఆ శబ్దం వింటేనే మంచం కింద దూరేది. 100 నుంచి 240 వోల్టుల వరకు పనిచేసే ఛార్జరు ఉన్న బ్యాటరీ క్లిప్పర్ మేలు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపానుల తరువాత ఈ జిల్లాల్లో ఎన్నో ఊళ్ళు రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపాయి. అక్టోబరులో వర్షాలకు ముందే ఒకసారి కత్తిరించి ఉంచుకోవడం మంచిది.

బ్లేడు అంకె పెరిగేకొద్దీ బొచ్చు పొట్టిగా తెగుతుందని గుర్తుంచుకోండి. 10వ నంబరు బ్లేడు ఒకటిన్నర మిల్లీమీటర్లే మిగులుస్తుంది. అరికాళ్ళ మధ్య, పొట్ట కింద మాత్రమే దాన్ని వాడాలి. ఒంటికి 4ఎఫ్ బ్లేడు పెడితే తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల దాకా మిగులుతుంది, కొత్తవారికి అదే క్షేమం.

స్నానానికి ముందే దువ్వాలి, తరువాత కాదు. ఇక్కడి ఉక్కపోతలో చెవుల వెనక, చంకల్లో, మెడపట్టీ కింద బొచ్చు త్వరగా జడలు కడుతుంది. నీళ్ళు తగిలితే ఆ జడలు మరింత బిగుసుకుంటాయి. జడను కత్తెరతో కోయబోతే దానితో పాటు పైకి లేచిన చర్మం కూడా తెగే ప్రమాదముంది. జడకు, చర్మానికి మధ్య సన్నపళ్ళ దువ్వెన దూర్చి, దువ్వెనకు పైభాగాన మాత్రమే కత్తిరించాలి. స్నానం తరువాత బొచ్చు మొదళ్ళ దాకా పూర్తిగా ఆరాలి. తడి బొచ్చు సమంగా తెగదు, లోపల తడి నిలిస్తే చర్మం ఎర్రబడి పుండ్లు పడతాయి. వానాకాలంలో ఇది మరీ ముఖ్యం.

కత్తిరించడానికి తెల్లవారుజాము వేళ బాగుంటుంది. టైల్స్ మీద కాళ్ళు జారితే కుక్క బెదురుతుంది కాబట్టి వరండాలో గోనెపట్టా పరిచి దాని మీద నిలబెట్టండి. మెడ వెనక నుంచి తోక వైపు, బొచ్చు వాలు ప్రకారమే క్లిప్పర్‌ను చర్మానికి సమాంతరంగా ఆనించి నడపాలి. రెండో చేత్తో చర్మాన్ని కొద్దిగా సాగదీసి పట్టాలి. చంకలు, గజ్జలు, డొక్కకు తొడకు మధ్యనుండే పలుచని మడత, చెవుల అంచులు, పొట్టమీది చనుమొనలు తేలికగా తెగే చోట్లు. డొక్క మడత దగ్గర మా కుక్కకు ఒకసారి నా చేతిలోనే గాయమైంది. ఆ మడతను వేళ్ళతో చదునుగా చాపకుండా క్లిప్పర్ నడపడమే కారణం. అప్పటి నుంచి ఆ చోట కత్తెర, దువ్వెన తప్ప వాడడం లేదు. అయిదు నిమిషాలకొకసారి బ్లేడును మీ మణికట్టు లోపలివైపు ఆనించి చూడండి. మీకు చురుక్కుమంటే దానికీ అంతే. ఆపి, చల్లారనిచ్చి, ఒక చుక్క కుట్టుమిషను నూనె వేసి, తుడిచి మళ్ళీ మొదలుపెట్టాలి.

చలి దేశాల నుంచి వచ్చిన కొన్ని కుక్కలకు పిడుదుల బాధ అంతగా తెలిసి ఉండకపోవచ్చు. ఇక్కడ వీధిలో నడిచివచ్చిన ప్రతిసారీ వేళ్ళ మధ్య, చెవుల లోపల వెతకాలి. పిడుదుల వల్ల వచ్చే జ్వరం ప్రాణాంతకం కూడా కాగలదు. బొచ్చు పొట్టిగా ఉంటే అవి త్వరగా కంటబడతాయి, కత్తిరింపు వల్ల ఈ ప్రాంతంలో నాకు కనిపించిన పెద్ద లాభం అదే. పిడుదును పట్టకారుతో చర్మానికి ఆనుకుని పట్టి నిటారుగా లాగాలి, వేళ్ళతో చిదపకూడదు. కుక్క తిండి మానినా, చిగుళ్ళు పాలిపోయినా ఆలస్యం చేయకుండా పశువైద్యశాలకు తీసుకువెళ్ళండి. విజయనగరం జిల్లాలో గరివిడిలో పశువైద్య కళాశాల కూడా ఉంది.

మొదటిరోజే ఒళ్ళంతా పూర్తిచేయాలని పూనుకోవద్దు. ఆ రోజు క్లిప్పర్‌ను ఆన్ చేసి పక్కన పెట్టి, కాస్త పెరుగన్నం పెట్టండి. మర్నాడు వీపు, ఆ మర్నాడు కాళ్ళు, చివరిగా ముఖం. ముఖం దగ్గర మాత్రం క్లిప్పర్ వద్దు, మొన గుండ్రంగా ఉన్న కత్తెర చాలు, ఇంట్లో మరొకరు గడ్డం కింద చెయ్యి పెట్టి తలను కదలకుండా పట్టుకోవాలి.