బెంగళూరు నుంచి కుమావోన్ సరస్సులకు: ఇంటిల్లిపాదితో కారు ట్రిప్ ఇలా ప్లాన్ చేసుకోండి

ముందు బస సంగతి తేల్చుకోండి, మిగతా ప్లాన్ అంతా దాన్నిబట్టే ఉంటుంది. కుమావోన్ అంటే ఉత్తరాఖండ్‌లో నైనితాల్ ఉన్న కొండ ప్రాంతం. నైనితాల్ అనగానే చాలామంది సరస్సు ఒడ్డునున్న మాల్ రోడ్డు మీద హోటల్ బుక్ చేసేస్తారు. చిన్నపిల్లలూ, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లూ వెంట ఉంటే ఆ పని చేయకండి. అక్కడ సరస్సు చుట్టూ కొండలే, ఊరు పెరగడానికే చోటు లేదు, ఇక కార్లు ఎక్కడ పెడతారు? సీజన్‌లో పార్కింగ్ నిండితే పోలీసులు బండ్లను ఊరి బయటే ఆపేసి అక్కణ్ణుంచి షటిల్‌లో పంపిస్తారు, అప్పుడు సూట్‌కేసులూ నిద్రపోతున్న పిల్లలూ అన్నీ మీ చేతుల్లోనే. పైగా చాలా హోటళ్లకు రోడ్డు నుంచి మెట్లెక్కి పోవాలి.

నైనితాల్‌కు దగ్గర్లోనే ఉన్న భీమ్‌తాల్‌లో గానీ, దానికి నాలుగు కిలోమీటర్ల దూరంలోని నౌకుచియాతాల్‌లో గానీ దిగండి. భీమ్‌తాల్ సరస్సు నైనితాల్ సరస్సు కంటే పెద్దది, మధ్యలో చిన్న దీవి కూడా ఉంది. ఎత్తు 1,370 మీటర్లే కాబట్టి 1,938 మీటర్ల నైనితాల్ అంత చలి ఉండదు. నౌకుచియాతాల్‌కు తొమ్మిది మూలలు, ఈ చుట్టుపక్కల సరస్సుల్లో లోతైనది కూడా అదే, 40 మీటర్ల దాకా ఉంటుంది. తొమ్మిది మూలలూ ఒకేసారి కనిపిస్తే అదృష్టమని అక్కడివాళ్లు నమ్ముతారు. ఆ మాట పిల్లలకు చెప్పండి, పూట గడిచిపోతుంది. గది బుక్ చేసేటప్పుడు ఫోన్ చేసి మూడే మూడు అడగండి: కారు గుమ్మం దాకా వస్తుందా, మెట్లెన్ని, వంటగది వాడుకోనిస్తారా.

బెంగళూరు నుంచి సొంత కారులో వెళ్లాలన్న ఆలోచన కుటుంబంతో వద్దు. రెండువేల కిలోమీటర్లు దాటిపోతుంది, సెలవంతా హైవే మీదే అయిపోతుంది. ఢిల్లీకి ఫ్లైట్‌లో వెళ్లండి. అక్కణ్ణుంచి రోడ్డు మీద మొరాదాబాద్, రాంపూర్, హల్ద్వానీ మీదుగా 300 కిలోమీటర్లు, ఏడెనిమిది గంటలు. పెద్దవాళ్లుంటే రైలే సుఖం అంటాను. రాణీఖేత్ ఎక్స్‌ప్రెస్ రాత్రి ఎక్కితే తెల్లవారేసరికి కాఠ్‌గోదామ్‌లో దిగుతారు, లేదంటే పొద్దున ఢిల్లీలో బయల్దేరే శతాబ్ది ఉంది. కాఠ్‌గోదామ్ ఆ లైనుకు ఆఖరి స్టేషను, కొండ అక్కడే మొదలవుతుంది. అక్కడి డ్రైవరుతో కారు ముందే మాట్లాడుకుని, తిరిగి రైలెక్కేదాకా అదే బండి ఉంచుకోండి. రోజుకో క్యాబ్ వెతుక్కునే టెన్షన్ ఉండదు, ఏ మలుపు దగ్గర ఆగితే మంచు కొండలు కనిపిస్తాయో అతనికే బాగా తెలుస్తుంది.

లేదు, నేనే నడుపుతాను అంటారా? మనకు అలవాటైన ఘాట్ అంటే తిరుమలే, కానీ అక్కడ ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. ఇక్కడ ఒకే సన్నటి రోడ్డు మీద ఎదురుగా బస్సులు వస్తుంటాయి. మలుపు ముందు హారన్ కొట్టాలి, ఇరుకు చోట ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు నొక్కి పెట్టి ఉంచకండి, బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి, రెండో గేరులో ఇంజను పట్టు మీద దిగండి. ట్యాంకు హల్ద్వానీలోనే నింపించండి. చీకటి పడ్డాక కొండ మీద బండి తీయొద్దు. దూరాన్ని కిలోమీటర్లలో కాదు, గంటల్లో లెక్కేసుకోండి.

ఎప్పుడు వెళ్లాలి? పిల్లల పరీక్షలు అయిపోగానే ఏప్రిల్‌లో వెళ్లగలిగితే చాలా మంచిది. మే, జూన్‌లలో ఢిల్లీ చుట్టుపక్కల జనమంతా అక్కడే ఉంటారు. జూన్ 15న భవాలీ ఊరి దగ్గరున్న కైంచీధామ్‌లో నీమ్ కరోలీ బాబా ఆశ్రమం వార్షికోత్సవం, ఆ నాలుగైదు రోజులూ భవాలీ రోడ్డు జోలికే పోకండి. జూలై నుంచి సెప్టెంబర్ సగం దాకా కొండచరియలు విరిగిపడే కాలం. దసరా సెలవుల్లో ఆకాశం శుభ్రంగా ఉంటుంది, ముక్తేశ్వర్ అనే కొండ ఊరి నుంచి 7,816 మీటర్ల నందాదేవి శిఖరం కనిపించేది అప్పుడే. అయితే 2021 అక్టోబర్‌లో ముక్తేశ్వర్‌లో ఒక్క రోజులో 340 మిల్లీమీటర్ల వాన పడి రోడ్లు తెగిపోయాయి, నైనితాల్‌కు దారే లేకుండా పోయింది. అందుకే ఏ నెలలో వెళ్లినా తిరుగు ఫ్లైట్‌కు ముందు రాత్రి ఢిల్లీలో ఉండేలా చూసుకోండి.

రోజుకు ఒక్క వైపే తిరగండి. దిగిన రోజు ఎక్కడికీ వద్దు, సరస్సు ఒడ్డున నడిచి రండి. మర్నాడు పొద్దున్నే సాత్‌తాల్: ఓక్, పైన్ చెట్ల మధ్య రామ, సీత, లక్ష్మణ, గరుడ అని పేర్లున్న చిన్న చిన్న సరస్సులు, ఎటు చూసినా పక్షులు. బైనాక్యులర్స్ ఉంటే పట్టుకెళ్లండి, తొమ్మిది దాటితే బోట్ల హడావుడి మొదలవుతుంది. ఇంకో రోజు రామ్‌గఢ్ పండ్ల తోటల మీదుగా ముక్తేశ్వర్. మే, జూన్‌లలో దారి పొడవునా పీచ్, ప్లమ్, ఆప్రికాట్, ఉప్పు చల్లిన కాఫల్ అనే చిన్న ఎర్రటి అడవి పండ్లు అమ్ముతారు, కాఫల్ తప్పకుండా తినిపించండి.

నైనితాల్‌కు మధ్యలో వచ్చే పనిరోజున వెళ్లండి, శని ఆదివారాలు వద్దు. ఎనిమిదింటికల్లా చేరి, నయనాదేవి గుడి చూసి, ఎండ ముదరకముందే బోటెక్కేయండి. లైఫ్ జాకెట్ పిల్లలకే కాదు, తాతగారికీ వేయించండి. గుడి పక్కనున్న మైదానంలో పిల్లలు ఆడుకుంటుంటే పెద్ద పిల్లలకు ఒక సంగతి చెప్పండి: 1880 సెప్టెంబర్ 18న కొండ విరిగిపడి 151 మంది చనిపోయారు, ఆ మట్టీ రాళ్లతోనే ఈ మైదానం ఇంత వెడల్పైంది. కొండ మీద ఇళ్లు ఎందుకు జాగ్రత్తగా కట్టాలో వాళ్లకు ఒక్కసారిగా అర్థమవుతుంది.

మలుపుల్లో పిల్లలకు వాంతులు ఖాయం. బెంగళూరులోనే డాక్టర్ని అడిగి మాత్రలు రాయించుకోండి, బయల్దేరే ముందు రెండు ఇడ్లీలంత తేలిక తిండి చాలు, కారులో ఫోన్ ఇవ్వొద్దు. తిండి దగ్గర పెద్దవాళ్లకు రెండో రోజుకే రొట్టెలు మొహం మొత్తుతాయి, కందిపొడి, ఆవకాయ పట్టుకెళ్లండి, అన్నం ఎక్కడైనా దొరుకుతుంది. ఆవకాయ సీసా చెక్-ఇన్ లగేజీలోనే పెట్టాలి, చేతి సంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు. స్వెట్టర్లు ఏప్రిల్‌లోనైనా కావాలి, కానీ అవి సూట్‌కేసు అడుగున కాకుండా కారు వెనక సీట్లో, చేతికి అందేలా ఉంచండి.