వాయించేవాడు వెళ్లిపోయినా మా కోయిర్ ఆగలేదు: నా అనుభవం

విజయవాడలో చాలా కతోలిక విచారణల (పారిష్‌ల) వాళ్లు అడిగేదే: కీబోర్డు వాయించే అబ్బాయికి హైదరాబాదులో ఉద్యోగం రాగానే కోయిర్ (చర్చి పాటల బృందం) మూగబోతోంది, ఏం చేయాలి? వాట్సాప్ గ్రూపు, కరోకే ట్రాకులు, డబ్బిచ్చి బయటివాళ్లను పిలవడం, ఏదీ నిలవలేదు.

చివరికి పనిచేసింది ఇది. ముందు ఫాదర్ గారితో కూర్చుని ఆగమనకాలం (క్రిస్మస్ ముందు వారాలు) నుంచి క్రీస్తురాజు పండుగ దాకా, అంటే పూజా సంవత్సరం మొత్తానికి, ఆదివారాల పట్టిక రాశాం. ప్రతి పాట పక్కన శ్రుతి, తాళం, రెండు పేర్లు: వాయించేవారు, నేర్చుకునేవారు. తర్వాత, నేర్చుకునేవాళ్లను తపస్సుకాలంలోనే (ఈస్టరుకు ముందు ఉపవాసాల కాలం) కీబోర్డు ముందు కూర్చోబెట్టాం. ఆ కాలంలో నాలుగో ఆదివారం, పెద్ద పండుగలు తప్ప మిగతా రోజుల్లో వాద్యం పాటకు ఊతంగానే మోగాలన్నది పూజా నియమం. విడిగా వాయించి మెప్పించే టెన్షన్ ఉండదు. పాస్కా జాగరణకు (ఈస్టరు ముందు రాత్రి పూజ) మాత్రం పాతవాళ్లే. ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా గుణదల మేరీమాత తిరునాళ్లలో సాధన పెట్టకండి, ఎవరూ రారు!

డప్పు, తబలాతోనే నడిచే పల్లె విచారణల్లో ఇది ఎంతవరకు కుదురుతుందో చెప్పలేను.